చిలక్కొయ్య మీద దువ్వెన

మా తమ్ముణ్ణి వీరుల దండులో చేర్చుకున్నారని తెలిసిన రోజు నేను చేతిలో ఉన్న తోలుపట్టీ కింద పడేసి, "ఆ వీరులకి మతిగానీ పోయిందా?" అన్నాను. మా ఆయన డాలుకి నూనె పట్టిస్తూ తలెత్తకుండా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు! వాణ్ణి చేర్చుకోమని దండు నాయకుడి చెవిలో వేసింది ఆయనేనట.

"వాడికి పనీపాటా లేదని రోజూ గోల పెట్టేది నువ్వే కదే?" అన్నాడు.

"పని లేకపోతే మనింట్లో గిన్నెలే పోతాయి. పని ఉంటే ఊళ్ళో గిన్నెలన్నీ పోతాయి," అన్నాను.

వాడి సంగతి ఊరంతటికీ తెలుసు. పెద్ద దొంగ అయినా అదో గొప్ప. వాడు ఎత్తుకొచ్చేవి చెంచాలు, గుండీలు, పక్కింటివాళ్ళ తలుపు గడియ. ఆ గడియ నీకెందుకురా అంటే, "ఊడిపోయేట్టు ఉందక్కా, జాగ్రత్త చేద్దామని" అనేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వాడివి అతికేవి కూడా కావు. అందరూ వాణ్ణి ముద్దుగా పిల్లి అని పిలిచేవారు. ముద్దు వాళ్ళకి, తలవంపులు నాకు.

ఆ వేసవి అగ్గిబల్లులు ఎప్పటికన్నా ముందే కొండ దిగాయి. రెక్కలున్న బల్లులు, ఒక్కొక్కటీ బండెడు ఉంటుంది, నోరు తెరిస్తే నిప్పు. కోటగోడ బయట ఎండిన కాలవల్లో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పొదిగాయంటే మరుసటి ఏడు ఊరు మిగలదు. వీరులు వెళ్ళి బల్లులతో కొట్లాడుతుంటే, ఎవరో ఒకరు సందు చూసుకుని గూళ్ళలో దూరి గుడ్లు ఎత్తుకురావాలి. మన వీరులకి అది చేతకాదు. వాళ్ళు నడుస్తుంటే వంటింట్లో గిన్నెలు దొర్లినట్టు ఉంటుంది. అందుకని పిల్లి కావలసి వచ్చింది.

దండు నాయకుణ్ణి మీసాలాయన అంటాం. ఆయన తర్వాత విల్లమ్మ, ఎగిరే బల్లి కంట్లో బాణం దించగలదు. మా ఆయన డాలు మోస్తాడు. అందరూ వెనక్కి పరిగెడుతుంటే ఆయన డాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తాడు. అందరికన్నా ఆఖర్న ఊళ్ళో అడుగుపెట్టేది ఆయనే. పేరు మాత్రం విల్లమ్మకి, మీసాలకి. నా పని వాళ్ళందరి తోలుపట్టీలు, బిగింపులు కుట్టడం.

ఇక మా కొయ్యల సంగతి చెప్పాలి. కోటతలుపు పక్క గదిలో గోడ నిండా చిలక్కొయ్యలుంటాయి. బయటికి వెళ్ళే ప్రతి మనిషీ తన సొంత వస్తువు ఒకటి తన చేత్తో కొయ్యకి తగిలించి వెళ్ళాలి. తిరిగొచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. ఇంకెవరైనా దాని మీద చెయ్యి వేస్తే వాడికి ఊళ్ళో చోటు లేదు. కొయ్యలన్నీ ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టు, తలుపు వేసేయొచ్చు. ఒక్క కొయ్యకి వస్తువు వేలాడుతున్నా తలుపు తీసి, వెళ్ళి వెతకాల్సిందే. పొగలో మసి మొహాలతో పరిగెత్తుకొచ్చేవాళ్ళని పోల్చుకోలేక, పూర్వం ఎవర్నో బయట వదిలేసి తలుపు వేశారట. అప్పటినుంచీ మావాళ్ళు మొహాలు చూడడం మానేసి కొయ్యలు చూడడం మొదలుపెట్టారు.

మా ఆయన తగిలించేది కొమ్ముదువ్వెన. నెత్తిన పట్టుమని పది వెంట్రుకలు లేవు, దువ్వెన మాత్రం మహా ముద్దు. వాళ్ళమ్మ ఇచ్చిందట. మా తమ్ముడు తగిలించేది రోజుకొకటి, అది ఎవరిదని ఎవరూ అడగలేదు.

వాడు దండులో చేరిన వారానికే పంచాయితీలు మొదలయ్యాయి. విల్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేది.

"వదినా, నా వేలితొడుగు కనిపించడం లేదు."

నేను లోపలికెళ్ళి వాడి చాప ఎత్తి, తెచ్చి ఇచ్చేదాన్ని. మర్నాడు మీసాలాయన మనిషి. మీసాలకి రాసుకునే నూనె సీసా. "మీ అందరి ప్రాణాలూ వీడి చేతిలో పెట్టుకుని తిరుగుతున్నారు, సీసాకి ఏడుస్తారేం?" అని అడిగాను ఒకసారి. మీసాలాయన ఎంతో ధీమాగా చెప్పాడు. "గుడ్ల దగ్గర వాడు దొంగ కాబట్టే పనికొస్తాడు చెల్లెమ్మా. మిగతా చోట్ల మేం ఓ కన్నేసే ఉంటాం."

కన్నేశారు! ఆ కన్ను ఏపాటిదో తర్వాత తెలిసింది.

నడివేసవిలో బల్లులు గోడ దాకా వచ్చి వాలతాయి. ఇక తొలకరి పడేదాకా తలుపు తీయరు. దాన్ని పెద్దమూత అంటాం. ఆ రోజు పెద్దమూతకి ముందు ఆఖరి వేట. పొద్దున్నే మా తమ్ముడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు.

"నేను లేవలేనక్కా. తలుపు దగ్గరే కూర్చుని వచ్చేవాళ్ళకి నీళ్ళందిస్తాను."

"గుడ్లు ఎవరు తెస్తారురా?"

"గూళ్ళన్నీ మొన్ననే ఊడ్చేశానుగా. ఇవాళ ఉత్త తరుముడే," అన్నాడు. మా ఆయన వాడి భుజం తట్టి, పడుకోరా అని చెప్పి, డాలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి ఊళ్ళో గోడలన్నీ అదురుతాయి. అమ్మయ్య, వచ్చేశారనుకుని నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు కాగాయి. దించి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కాగాయి. మా ఆయన రాలేదు. దండంతా తాగడానికి పోయినా ఆయన నేరుగా ఇంటికే వచ్చే రకం. నేను తలుపు దగ్గరికి పరిగెత్తాను.

తలుపు కాసే తాత నడుముకున్న తాళాలు సర్దుకుంటున్నాడు. విల్లమ్మ బల్లమీద కూర్చుని చెప్పులు విప్పుతోంది. మొహాలన్నీ మసి.

"మా ఆయనేడి తాతా?"

"వచ్చేశాడుగా అమ్మా. కొయ్యలన్నీ ఖాళీ అయ్యాకే కదా తలుపు వేశాను."

"కొయ్య సంగతి కాదు. మనిషిని చూశావా?"

తాత తెల్లబోయాడు. అలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. నేను గోడ వైపు చూశాను. ఆయన కొయ్య ఖాళీగా ఉంది. పోనీ నువ్వు చూశావా అని విల్లమ్మని అడిగాను.

"వెనకాలే ఉన్నాడు వదినా."

"వెనకాలంటే ఎక్కడ?"

"వెనకాల ఎప్పుడూ ఆయనే కదా ఉండేది," అంది. అంతకన్నా ఒక్క ముక్క తెలియదు. అందరి వెనకా ఉండేవాణ్ణి ఎవరు చూస్తారు?

మీసాలాయన వచ్చాడు. ఎంతో నెమ్మదిగా, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "కొయ్య ఖాళీగా ఉందంటే మనిషి వచ్చినట్టే చెల్లెమ్మా. దువ్వెన దానంతటది నడిచిపోదు కదా. అలసిపోయి ఏ చెట్టు కిందో పడి నిద్రపోతుంటాడు. పొద్దున ఇంట్లో ఏమైనా మాటా మాటా అనుకున్నారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మాటా లేదు, మన్నూ లేదు. మనిషి బయటున్నాడు. తలుపు తీయండి!"

"ఖాళీ కొయ్యలకి తలుపు తీయడమనేది ఎప్పుడూ లేదు. గోడవతల రెండు బల్లులు వాలి ఉన్నాయి. నీ మాట మీద తలుపు తీసి, అవి లోపలికొస్తే ఎవరు పూచీ? ఊళ్ళో వెతికిస్తానుండు."

వెతకడానికి మనుషుల్ని పంపాడు. ఊళ్ళో! బయట కాలిపోతున్న మనిషి కోసం ఊళ్ళో సందులన్నీ గాలిస్తున్నారు. గోడకి తల బాదుకోవాలనిపించింది. ఇంటికైనా చేరాడేమోనన్న పిచ్చి ఆశతో వెనక్కి పరిగెత్తాను.

ఇంట్లో మా ఆయన లేడు. తమ్ముడు మాత్రం గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"కడుపునొప్పి తగ్గిందా?" అన్నాను, ఏం అంటున్నానో నాకే తెలియకుండా.

"తగ్గిందక్కా."

అప్పుడు చూశాను వాడి తల. నున్నగా దువ్వి ఉంది. మధ్యలో తిన్నగా పాపిడి. పుట్టి బుద్ధెరిగి వాడి జుట్టు దువ్వెన మొహం చూడలేదు.

"ఒరేయ్, ఆ తల దేంతో దువ్వావు?"

"వేళ్ళతో."

వేళ్ళతో పాపిడి తీశాడట! వాడి మెడ దగ్గర చొక్కా పట్టుకుని లేపాను. "మీ బావ రాలేదు. తలుపు వేసేశారు. ఆయన కొయ్య ఖాళీ."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు మాత్రం ఆగలేదు. "నేను తియ్యలేదక్కా. నీ మీద ఒట్టు."

వాడు నా మీద వేసిన ఒట్లకి నేను ఇన్నాళ్ళు బతికి ఉండడమే వింత. చేతికందిన తోలుపట్టీ తీసుకుని ఎడాపెడా వాయించాను. వాడు అడ్డుకోలేదు. చివరికి చేతులతో మొహం కప్పుకుని అన్నాడు. "తలుపు తాత మనవరాలు నీళ్ళు మొయ్యడానికి వస్తుంది కదా. కాస్త తల దువ్వుకుని మళ్ళీ తగిలిద్దామనుకున్నా. అక్కడే నిద్ర పట్టేసింది. లేచేసరికి అందరూ వచ్చేశారు. బావ కూడా వచ్చేశాడనుకున్నా."

"పద. వచ్చి ఆ మాటే వాళ్ళకి చెప్పు."

"చెప్తే?" అన్నాడు. "నా మాట నమ్మి తలుపు తీస్తారా? మొగుడి మీద బెంగతో నువ్వే నా చేత చెప్పించావంటారు. దువ్వెన చూపిస్తే, ఇంట్లోంచే తెచ్చామంటారు. బావ వచ్చి ఇంట్లో పెట్టిపోయాడంటారు. దొంగ మాటకి తలుపు తీస్తారటే?"

వాడు చెప్పింది నిజమే. అందుకే మరీ ఒళ్ళు మండింది. జీవితంలో ఒక్కసారి నిజం చెప్పాల్సి వస్తే, ఆ నిజానికి గవ్వంత విలువ లేకుండా ముందే తగలేసుకున్నాడు. "వెధవా, ఈ ఒక్క రోజు కోసమైనా నాలుగు మంచి పనులు చేసుండకూడదూ?" అని అరిచాను. నా పట్టు సడలింది కాబోలు, వాడు చొక్కా విదిలించుకుని సందులో పడి మాయమయ్యాడు. పారిపోయాడనే అనుకున్నాను. నాకు వచ్చిన తిట్లన్నీ ఆ సందులో గుమ్మరించి మళ్ళీ తలుపు దగ్గరికి పరిగెత్తాను.

జరిగింది జరిగినట్టు మీసాలాయనకి చెప్పాను. అందరి ముందూ, గొంతు చించుకుని.

"వాడేడి?"

"పారిపోయాడు."

మీసాలాయన విల్లమ్మ వైపు చూశాడు. విల్లమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. "కూర్చో వదినా. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

సరిగ్గా వాడు చెప్పినట్టే! నీళ్ళ చెంబు విసిరికొట్టాను. పిచ్చిదాన్ని పట్టుకున్నట్టు ఇద్దరు వచ్చి నా భుజాలు పట్టుకున్నారు. నేను వాళ్ళతో పెనుగులాడుతుంటే, అందరూ నన్నే చూస్తుంటే, వెనక నుంచి తాత కేక వినిపించింది.

"బాబూ! దువ్వెన!"

కొయ్యకి దువ్వెన వేలాడుతోంది. ఇంకా కొద్దిగా ఊగుతూనే ఉంది. అంతమంది వీరులున్నారు ఆ గదిలో. వాడు ఎప్పుడొచ్చాడో, ఎటు నుంచి వచ్చాడో ఒక్కడికీ తెలియదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి, ఇందాకటిదాకా తిట్టిన నోటితోనే. దువ్వెన కనిపించాక వాళ్ళు ఒక్క క్షణం ఆలోచించలేదు. మీసాలాయన ఇనుపటోపీ నెత్తిన పెట్టుకుని, "డాలాయన బయటున్నాడు, పదండి," అన్నాడు. విల్లమ్మ బొబ్బలెక్కిన కాళ్ళకి మళ్ళీ చెప్పులు తొడుక్కుంది. గోడవతల బల్లులున్నాయని ఎవరూ గుర్తు చేయలేదు. తాత తలుపు ఎత్తాడు. పొగలోకి వెళ్ళిపోతున్న వాళ్ళ వెనకాల టోపీ లేదు, డాలు లేదు, దువ్విన తలతో మా తమ్ముడు పోతున్నాడు.

పొద్దు వాలేవేళకి మా ఆయన్ని మోసుకొచ్చారు. ఎండుకాలవ మీది చిన్న వంతెన కింద, డాలు మీద కప్పుకుని పడి ఉన్నాడట. ఇనుప తొడుగులతో వీరులెవరూ ఆ సందులో పట్టలేదు. పాకి లోపలికెళ్ళి ఈడ్చుకొచ్చింది మా తమ్ముడే. ఎడమకాలు మోకాలి దాకా కాలిపోయింది. లోపలికి రాగానే మా ఆయన ఆగమని సైగ చేసి, నల్లగా మాడిన చేత్తో దువ్వెన అందుకున్నాడు. ఆ తర్వాతే స్పృహ తప్పాడు. నేను ఏడ్చాను, తిట్టాను, మళ్ళీ ఏడ్చాను.

ఆయన బతికాడు. కాలు దక్కింది గానీ డాలు మోసే కాలు కాదది. ఇంట్లో ఆయన మంచం మీద, గుమ్మంలో తమ్ముడు. ఇద్దరికీ గంజి పోస్తూ ఇద్దర్నీ తిట్టేదాన్ని. "నన్ను మోసుకొచ్చింది వాడేనే, వాణ్ణేమీ అనకు," అనేవాడు మా ఆయన. అసలు సంగతి చెబితే, "దువ్వెన బాగుందని నాతో అంటూనే ఉండేవాడు," అన్నాడు. ఈ మనిషితో నేనేం వేగను?

ఇంతలో దండు పంచాయితీ పెట్టింది. నేరం తలుపు తాత మీద మోపారు.

"కొయ్యకి దువ్వెన ఉండగా తలుపు వేశావు తాతా," అన్నాడు మీసాలాయన.

"నాకు ఖాళీగానే కనిపించింది బాబూ."

"ఖాళీగానే ఉంది!" అన్నాను నేను. "నేను చూశాను. మీరూ చూశారు. దువ్వెన ఎలా పోయిందో ఆరోజే చెప్పాను."

"పొగ, చీకటి గది. అందరం పొరబడ్డాం చెల్లెమ్మా. కొయ్య ఎలా పొరబడుతుంది? మా పని చూడడం కాదు. చూడడం తాత పని."

కొయ్య అబద్ధం చెప్పదట. నేను చెబుతానట. దాని బదులు నన్నే గోడకి కొట్టి ఉంటే నా మాటకీ విలువ ఉండేదేమో! తాత నడుముకున్న తాళాలు విప్పాడు. మీసాలాయన ముందు పెట్టాడు. "కళ్ళు పోయాయి కాబోలు. ఇంత అన్యాయం చేస్తాననుకోలేదమ్మా," అని నాతో అన్నాడు. నాతో! తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముడి వైపు చూశాను. వాడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయిలే తాతా," అన్నాడు వాడు, విసుగ్గా. "అప్పుడు ఖాళీయే. దువ్వెన నా దగ్గరుంది."

తాత మెల్లగా తలెత్తాడు. మీసాలాయన వాణ్ణి ఏదో అడగబోయి ఆగిపోయాడు. అడగడానికి ఇంకేం లేదు మరి.

తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. కొయ్య మీద చెయ్యి వేసినవాడికి ఊళ్ళో చోటు లేదు. తొలకరి పడి తలుపు తీయగానే పోవాలి. వాడు నా మొగుణ్ణి మోసుకొచ్చిన సంగతి చెప్పాను. అది వేరే లెక్కన్నారు. నేను నిజం చెబితే నమ్మలేదు, వాడు నిజం చెబితే నమ్మి వెళ్ళగొట్టారు. ఎలా చచ్చేది వీళ్ళతో?

వాన ఆ ఏడు త్వరగానే పడింది. ఎప్పుడూ వాన కోసం మొహం వాచి ఉండేదాన్ని, ఆ రోజు మాత్రం మేఘాన్ని చూసి తిట్టుకున్నాను. తలుపు తీశారు. దండంతా వచ్చింది. మా ఆయన చంకకర్ర మీద వచ్చాడు. తలుపు తాత మాత్రం దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"బల్లులు కొండమీద ఎక్కడ కాపురం పెడుతున్నాయో ఎవడో ఒకడు చూసి రావాలి కదా," అన్నాడు మీసాలాయనతో. "వీణ్ణి ఆ పని మీద పంపుదాం. పని మీద వెళ్ళేవాడికి కొయ్య ఇవ్వొచ్చు. కొయ్యకి వస్తువు ఉంటే, వాడు వచ్చి తట్టిన రోజున తలుపు తీయాల్సిందే. నా తాళాలు నాకు ఇప్పించినవాడికి ఈపాటి చేయనా?"

మీసాలాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సొంత వస్తువై ఉండాలి," అన్నాడు చివరికి.

అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. "తియ్యరా, నీది ఏదో ఒకటి తియ్యి!"

వాడు జేబులోంచి వేలితొడుగు తీశాడు. "అది నాది," అంది విల్లమ్మ. సీసా తీశాడు. మీసాలాయన ఏమీ అనకుండా లాక్కున్నాడు. చెంచా తీస్తే వంటవాడు, ఈల తీస్తే ఇంకెవడో. నడుముకున్న పటకా మా ఆయనది. చొక్కా పక్కింటివాళ్ళ దండెం మీదిది. ఒక్కొక్కటీ తీసి ఇచ్చేసి, వాడు వానలో చేతులు చాపుకుని నిలబడ్డాడు.

"నాదంటూ ఏం లేదే అక్కా," అన్నాడు. నవ్వుదామని చూశాడు గానీ నవ్వు రాలేదు.

నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. వాడి మీద, మీసాల మీద, ఆ దిక్కుమాలిన కొయ్యల మీద. "వీడిదంటూ ఈ లోకంలో ఉన్నది నేనొక్కదాన్నే! నన్ను తగిలించండి ఆ కొయ్యకి, పీడా పోతుంది!" అని అరిచాను.

అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. లోపలికెళ్ళి ఒక పీట తెచ్చి, గోడవార చివరి కొయ్య కింద వేశాడు.

"నీ చేత్తో కూర్చోబెట్టు," అన్నాడు వాడితో. "వచ్చాక మళ్ళీ నువ్వే లేపాలి."

మీసాలాయన నోరు తెరిచి, విల్లమ్మ చూసిన చూపుకి మూసేశాడు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఏదో ఒకటి తీసుకోవడానికి కాకుండా ఆ చెయ్యి నన్ను ముట్టుకోవడం అదే మొదలు. నేను కూర్చున్నాను. వాడు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా కుట్టుపనంతా ఆ పీట మీదే. వంటకి లేస్తాను, పడుకోవడానికి ఇంటికెళ్తాను. ఆ లేవడాలు లెక్కలోకి రావని తాత అంటాడు. మా ఆయన మధ్యాహ్నం చంకకర్ర మీద వచ్చి, పక్కన కూర్చుని పట్టీలకి నూనె రాస్తాడు. తలుపు మీద ఏ చప్పుడైనా సూది ఆగిపోతుంది. కొండ మీద వానలెలా ఉన్నాయో, చలికి ఏం కప్పుకుంటున్నాడో, ఎవరి దుప్పటి ఎత్తుకున్నాడో. రానీ వెధవని, వాడి సంగతి చెబుతాను.